ఉత్తరంలో వచ్చిన ఇజాజత్, ఫోనులో వచ్చిన సనద్



కిందటి నెల ఒక జుమా రోజు మా ఆపా ప్లాస్టిక్ ఫోల్డర్ ఒకటి చంకలో పెట్టుకొని ఇంటికొచ్చింది. బుర్ఖా కూడా తీయకుండా కుర్చీలో కూర్చొని, ఫోల్డర్ నా ముందు పెట్టి, "ఏంరా, నువ్వు అన్నీ కితాబులు చదువుతావు కదా. ఈ సనద్ అసలుదా, నకిలీదా చెప్పు" అంది.

అది ఆమె డీఎల్‌ఎడ్ డిప్లొమా. ఎన్‌ఐఓఎస్ ఇచ్చింది. ఉద్యోగానికి దరఖాస్తు చేద్దామని నెట్ సెంటర్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పద్దెనిమిది నెలలదండీ, పోదు" అన్నాడట. అంతే. ఆపా ఎండలో నడిచి మా ఇంటికొచ్చేసింది.

ఆపా మా మొహల్లాలోని చిన్న ప్రైవేటు బడిలో చాలా ఏళ్ళుగా చెబుతోంది. ఇంటర్ కాగానే నిఖా అయింది, డిగ్రీ పిల్లలు పుట్టాక కట్టింది. ట్రైనింగ్ కాలేజీ గడప ఎప్పుడూ తొక్కలేదు. మన ఇళ్ళలో ఇలాంటి ఆపాలు, బాజీలు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. తక్కువ తన్‌ఖా, ఎక్కువ మెహనత్. మన పిల్లలకు మొదటి అక్షరం పెట్టించేది చాలా చోట్ల వీళ్ళే.

ముందు ఆ సనద్ కథ చెప్పేస్తాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ట్రైనింగ్ లేని టీచర్లు ఐదేళ్ళలో ట్రైనింగ్ పూర్తి చేసుకోవాలంది. గడువు దాటిపోయింది, లక్షల మంది అలాగే మిగిలారు. 2017 ఆగస్టులో చట్టాన్ని సవరించి 2019 మార్చి 31 వరకు ఆఖరి గడువు ఇచ్చారు. అంతమందిని కాలేజీల్లో కూర్చోబెట్టే వీలు లేదు గనక పనిని ఎన్‌ఐఓఎస్‌కు అప్పగించారు. స్వయం పోర్టల్‌లో వీడియో పాఠాలు, డీటీహెచ్ టీవీలో ఒక చానల్, ఆదివారాల్లో అధ్యయన కేంద్రం. దేశమంతటా పది లక్షలకు పైగా టీచర్లు పేర్లు రాయించుకున్నారు. ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో చదువుకున్న టీచర్ల జమాత్ మన దేశంలో అంత పెద్దది అంతకు ముందు లేదు.

తర్వాత తకరార్ మొదలైంది. మామూలు డీఎల్‌ఎడ్ రెండేళ్ళది, ఇది పద్దెనిమిది నెలలది, రెండూ ఒకటేనా? 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒకటి కావంది. 2024 డిసెంబర్‌లో మళ్ళీ వివరణ ఇచ్చింది. 2017 ఆగస్టు 10 నాటికి టీచర్‌గా పనిచేస్తూ, 2019 ఏప్రిల్ 1 లోపు కోర్సు ముగించిన వాళ్ళ డిప్లొమా చెల్లుతుందంది. ఆపా ఈ రెండో గుంపులోకి వస్తుంది. నెట్ సెంటర్ కుర్రాడి దగ్గర మొదటి ఖబర్ మాత్రమే ఉంది.

ఇదంతా చెబితే ఆపా మొహం కొంచెం తేటపడింది. కానీ వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ ఒక మాటంది. "కోర్టు చెల్లుతుందంటే చెల్లుతుంది సరే. నేను నేర్చుకున్నానా లేదా అని ఎవరు చెప్తారు?"

ఈ సవాల్ నన్ను ఆ రాత్రి పడుకోనివ్వలేదు. ఎందుకంటే ఇది కొత్త సవాల్ కాదు. మన ఉలమా దీని మీద వందల ఏళ్ళు బహస్ చేశారు. ఉస్తాద్ ఎదుట కూర్చోకుండా నేర్చుకున్న ఇల్మ్ ఇల్మేనా? దూరం నుంచి వచ్చిన సనద్‌కు విలువ ఉందా?

డమాస్కస్‌లోని దారుల్ హదీస్ అష్రఫియాలో దర్స్ చెప్పిన ఇబ్నుస్సలాహ్ పేరు మదర్సాలో చదివిన వాళ్ళకు తెలుసు. హిజ్రీ 643లో, అంటే 1245లో వఫాత్ అయ్యారు. హదీస్ విద్య మీద ఆయన రాసిన ముఖద్దిమాలో, ఒక హదీస్ ఒకరి నుంచి మరొకరికి అందే తరీఖాలు ఎనిమిదని లెక్కపెట్టారు. మొదటిది సమా. ఉస్తాద్ నోటి నుంచి చెవితో వినడం. రెండోది ఖిరాత్. షాగిర్ద్ చదువుతుంటే ఉస్తాద్ వినడం. మూడోది ఇజాజత్. నా కితాబ్‌ను నా తరఫున చెప్పుకోవడానికి నీకు అనుమతి ఇస్తున్నానని ఉస్తాద్ అనడం. నాలుగోది ముందు పెట్టి చేతికివ్వడం. ఐదోది ముకాతబా. అంటే ఉత్తరం రాసి పంపడం.

ఇప్పటి మాటల్లో ముకాతబా అంటే కరెస్పాండెన్స్ కోర్సు!

ఎనిమిదింటినీ ఆయన ఒకే మెట్టు మీద పెట్టలేదు. విన్నది పైన, ఉత్తరం కింద. కానీ ఉత్తరాన్ని కొట్టిపారేయలేదు కూడా. ఉత్తరంతో పాటు ఇజాజత్ మాట కూడా రాసి ఉంటే దాని బలం పెరుగుతుందన్నారు. అప్పుడు కొందరు ఒక ఎత్‌రాజ్ తెచ్చారు. ఒకరి చేతిరాత ఇంకొకరి చేతిరాతలా ఉండొచ్చు కదా, ఆ ఉత్తరం ఆ ఉస్తాదే రాశాడని ఎలా నమ్మాలి? ఇబ్నుస్సలాహ్ దీన్ని ఒప్పుకోలేదు. మనిషి రాతను గుర్తుపట్టడం అంత కష్టం కాదు, పొరపాటు పడేది అరుదు అన్నారు. ఆన్‌లైన్ పరీక్ష రాసేది అసలు అభ్యర్థేనా, పక్కనున్న తమ్ముడా అని కెమెరాలు పెట్టి కాపలా కాసే రోజుల్లో ఇది చదివితే నవ్వొస్తుంది.

అంతకు ముందు కాలంలో గట్టిగా వద్దన్న వాళ్ళూ ఉన్నారు. ఇజాజత్ చెల్లేదైతే ఇల్మ్ కోసం సఫర్ చేయడమే వ్యర్థమైపోయేదన్న అర్థం వచ్చే మాటను హిజ్రీ రెండో శతాబ్దపు ముహద్దిస్ షుఅబాకు ఆపాదిస్తారు. ఆ రోజుల్లో ఒక్క హదీస్ కోసం నెలల తరబడి ప్రయాణం చేసినవాళ్ళు ఉన్నారు. అంత కష్టపడ్డవాడి పక్కన, ఇంట్లో కూర్చొని ఉత్తరం తెప్పించుకున్నవాడిని నిలబెడితే కోపం రాదా మరి? రెండేళ్ళు కాలేజీకి వెళ్ళి డీఎల్‌ఎడ్ చేసినవాళ్ళు పద్దెనిమిది నెలల వాళ్ళ మీద కోర్టుకు ఎందుకు వెళ్ళారో ఇక్కడ నాకు కొంచెం అర్థమైంది. వాళ్ళ మాటలోనూ ఇన్సాఫ్ ఉంది.

ఉత్తరం మీద బతికిన ఇల్మ్‌కు ఒక మంచి ఖిస్సా ఉంది. ఇస్ఫహాన్‌లో పుట్టి అలెగ్జాండ్రియాలో స్థిరపడిన అబూ తాహిర్ సిలఫీ (వఫాత్ హిజ్రీ 576) పెద్ద ముహద్దిస్. మక్కాలో అల్లామా జమఖ్షరీ ఉన్నారు, కష్షాఫ్ తఫ్సీర్ రాసినాయన. సిలఫీ ఆయనకు ఉత్తరం రాసి ఇజాజత్ అడిగారు. జమఖ్షరీ జవాబులో తన అల్పత్వం గురించి అందమైన మాటలు రాశారు గానీ అడిగింది ఇవ్వలేదు. సిలఫీ ఊరుకోలేదు. మరుసటి ఏడు హజ్‌కు వెళ్ళేవారి చేతికిచ్చి మళ్ళీ రాశారు. అంత పెద్ద ఆలిమ్ పోస్టు కోసం ఏడాది ఎదురుచూసి, రాకపోతే మళ్ళీ రాశారంటే చూడండి. మనం లాగిన్ కాకపోతే పది నిమిషాల్లో విసుక్కుంటాం.

ఇంకో పేరు ఆపాకు ప్రత్యేకంగా చెప్పాను. డమాస్కస్‌కు చెందిన జైనబ్ బింతుల్ కమాల్. హిజ్రీ 740లో వఫాత్. ఆమె పసిపిల్లగా ఉన్నప్పుడే ఇంటివాళ్ళు బాగ్దాద్, హలబ్, హర్రాన్, అలెగ్జాండ్రియా వంటి ఊళ్ళ ఉలమా దగ్గర నుంచి ఆమె పేరున ఇజాజత్‌లు తెప్పించారు. ఒంటె మోసేటన్ని ఇజాజత్‌లు ఆమె దగ్గర ఉండేవని చెప్పుకుంటారు. ఆమె ఆ ఊళ్ళు తిరిగి చదువుకొని వచ్చిన మనిషి కాదు. ఆమె దర్స్‌కు మాత్రం ఊళ్ళు దాటి వచ్చారు. 1326లో డమాస్కస్‌లో తనకు ఇజాజత్ ఇచ్చినవాళ్ళ జాబితాలో ఇబ్నె బతూతా ఆమె పేరు కూడా రాసుకున్నాడు.

ఆపా అంతా విని, "ఆమె దగ్గర వంట ఎవరు చేసేవారో?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంతవరకు చదివి, దూరవిద్య మన వారసత్వమే, ఇక ఫిక్ర్ అక్కర్లేదని సంతోషపడితే పొరపాటు. అదే ఉలమా ఒక చోట గీత గీశారు. హదీస్ కితాబ్‌కు ఉత్తరం చెల్లుతుంది. ఖుర్ఆన్ పఠనం దగ్గరకు వచ్చేసరికి మాత్రం తలఖ్ఖీ కావాలన్నారు. అంటే నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి. ఖాఫ్ ఎక్కడి నుంచి పలుకుతుంది, కాఫ్ ఎక్కడి నుంచి పలుకుతుంది అన్నది కాగితం చెప్పదు. నాలుక ఎక్కడ తగిలిందో ఉస్తాద్ వినాలి, తప్పైతే ఆపాలి, మళ్ళీ పలికించాలి. మీలో ప్రతి ఒక్కరూ హాఫిజ్ సాబ్ ముందు సిపారా పట్టుకొని ఆగి ఆగి చదివినవాళ్ళే. ఆయన "ఊఁ" అన్నప్పుడు గుండె ఎలా జారేదో నాకింకా గుర్తుంది.

అయితే ఆ నోరు అందనంత దూరంలో ఉన్నవాళ్ళ సంగతి? ఇస్లాం అరబ్బు దాటి అజమ్ దేశాలకు వెళ్ళినప్పుడు ఈ కష్టం వచ్చింది. అప్పటి అరబీ రాతలో జబర్, జేర్, పేష్ లేవు. అరబ్బువాడికి వాటి అవసరం లేదు, భాష అతని నోట్లోనే ఉంది. కొత్తగా కలిమా చదివినవాళ్ళు తప్పు చదవసాగారు. ఒక ఆయత్‌లో ఒక్క అచ్చు మారి అర్థం తలకిందులవడం విని, బస్రాకు చెందిన అబుల్ అస్వద్ దుఅలీ అక్షరాల పైనా కిందా రంగు చుక్కలు పెట్టించాడని రివాయత్. ఆ తర్వాతి శతాబ్దంలో ఖలీల్ ఇబ్నె అహ్మద్ వాటికి ఇప్పుడు మనం చూసే రూపాలు ఇచ్చాడు. అంటే మన పిల్లలు ఖాయిదాలో చూసే ఆ చిన్న గీతలు, ఎదుట లేని ఉస్తాద్ బదులు కాగితం మీద కూర్చున్న ఉస్తాద్‌లు. మనలాంటి అజమీల కోసం పుట్టినవి. దూరం నుంచి చదవడం నేర్పే పనిలో ఇంత కాలం నిలిచిన సాధనం ఇంకొకటి నాకు తోచడం లేదు. అవి వచ్చాక కూడా హాఫిజ్ సాబ్ ఉద్యోగం పోలేదు.

ఇక మన హైదరాబాద్‌కు వద్దాం. 19వ శతాబ్దం చివర్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవిత్వంలో ఉస్తాద్ దాగ్ దెహ్లవీ. ఆయన దగ్గరికి హిందుస్తాన్ నలుమూలల నుంచి పోస్టులో గజళ్ళు వచ్చేవి. దాగ్ వాటిని దిద్ది తిరిగి పంపేవాడు. ఈ దిద్దడాన్ని ఇస్లాహ్ అంటారు. ఏ మాట బరువు తప్పింది, ఏ ముహావరా ఢిల్లీ నోటిది కాదు, ఎక్కడ కాఫియా బిగుసుకోలేదు, అన్నీ షాగిర్ద్ రాసిన కాగితం మీదే. అలా గజళ్ళు పంపినవాళ్ళలో పంజాబ్‌కు చెందిన ఒక కుర్రాడున్నాడు. కొన్నాళ్ళకు దాగ్, నీ కవిత్వంలో దిద్దాల్సింది పెద్దగా లేదని అతనికి తెలియజేశాడు. ఆ కుర్రాడు అల్లామా ఇక్బాల్. దాగ్ 1905లో వఫాత్ అయ్యాడు, నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖబర్ ఉంది. దర్గాకు వెళ్ళేవాళ్ళు అటు కూడా ఒక ఫాతిహా చదవండి.

హైదరాబాద్‌కూ సియాల్‌కోట్‌కూ మధ్య ఎంత దూరమో, ఆ రోజుల్లో టపా ఎన్నాళ్ళకు చేరేదో ఊహించండి. అయినా అది తాలీమే. ఎందుకంటే షాగిర్ద్ రాసింది ఉస్తాద్ చదివాడు, చదివి తిరిగి పంపాడు.

దీని తర్వాత చరిత్ర వేగంగా చెప్పుకోవచ్చు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరెస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. మన దగ్గర ఆంధ్రా యూనివర్సిటీ 1972లో, ఉస్మానియా 1977లో. టీచర్లకైతే 1960లలోనే మైసూరు రీజనల్ కాలేజీ ఆఫ్ ఎడ్యుకేషన్ మంచి తరీఖా పెట్టింది. వేసవి సెలవుల్లో టీచర్లను క్యాంపస్‌కు పిలిచి ఎదుట కూర్చోబెట్టి చెప్పేవారు, బడి నడిచే నెలల్లో పాఠాలు పోస్టులో పంపేవారు. సమా, ముకాతబా రెండూ కలిపారన్నమాట. ఆ తర్వాత కొన్నిచోట్ల కరెస్పాండెన్స్ బీఎడ్ డబ్బులిచ్చి కొనుక్కునే సరుకైపోయింది. దూరవిద్యకు చెడ్డపేరు తెచ్చింది ఆ వ్యాపారమే. 1990లలో చట్టబద్ధ సంస్థగా వచ్చిన ఎన్‌సీటీఈ దాన్ని బిగించింది.

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో మొదటిది. ఇప్పుడు దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో పిలుస్తున్నాం. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నోకూ మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. మా అమ్మీ తరం ఆడవాళ్ళు, ఇంటర్ కూడా లేనివాళ్ళు, అర్హత పరీక్ష రాసి ఆదివారం క్లాసులకు వెళ్ళి డిగ్రీ తెచ్చుకున్నది దీని వల్లే. ఈ ఎహసాన్ మరిచిపోకూడదు.

ఉర్దూ మాధ్యమం కథ ఇంకా బాధగా ఉంటుంది. 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ డాక్టరీ నుంచి ఇంజనీరింగ్ దాకా ఉర్దూలో చెప్పింది. అందుకోసం దారుల్ తర్జుమాలో పుస్తకాలు, ఇస్తిలాహాత్ తయారుచేశారు. 1948 తర్వాత ఆ మాధ్యమం పోయింది. ఆ తర్వాత యాభై ఏళ్ళకు, 1998 జనవరిలో హైదరాబాద్‌లోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. అది ముందు దూరవిద్యతోనే మొదలైంది, తరగతి గదులు తర్వాత వచ్చాయి. ఉర్దూ మీడియం బడుల్లో పనిచేస్తున్న టీచర్లకు దాని దూరవిద్య బీఎడ్ పెద్ద ఆసరా అయింది. ఇప్పటి నిబంధనల ప్రకారం దూరవిద్య బీఎడ్‌లో చేరాలంటే ముందే ప్రాథమిక స్థాయి ట్రైనింగ్ ఉండాలి. ఆపా ఫోల్డర్‌లోని కాగితానికి అంత విలువ అందుకే.

ఇక ఆపా చదువు. ఆ పద్దెనిమిది నెలలూ నేను దగ్గరుండి చూశాను. ఇషా తర్వాత పిల్లలు పడుకున్నాక వంటింట్లో ఫోను డబ్బాకు ఆనించి వీడియో పెట్టుకునేది. పాఠం హిందీలో, నోట్సు తెలుగులో, సందేహం దఖ్నీలో. రంజాన్‌లో సహరీ వండుతూ వినేది. దూల్హేభాయ్ డేటా అయిపోయిందని గొణిగేవాడు గానీ, ఆదివారం పిల్లల్ని చూసుకొని ఆమెను అధ్యయన కేంద్రానికి పంపింది ఆయనే.

ఆ కోర్సులో ప్రాథమిక తరగతుల్లో భాష నేర్చుకోవడం మీద ఒక పేపరుంది. అది మొదలైనప్పుడు ఆపా కళ్ళు వెలిగాయి. ఎందుకంటే ఆమె తరగతిలో రోజూ జరిగే ఒక గందరగోళానికి అక్కడ పేరు దొరికింది.

మన పిల్లవాడి రోజు చూడండి. పొద్దున మక్తబ్‌లో కుడి నుంచి ఎడమకు ఖాయిదా. "బే జబర్ బ, బే జేర్ బి" అని హిజ్జె. తొమ్మిదింటికి బడిలో ఎడమ నుంచి కుడికి తెలుగు. "కకు కొమ్మిస్తే కు." తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లీషు. ఇక్కడ గుర్తొక్కటి, పలికేది నాలుగు రకాలు. ఉర్దూ కూడా చెబితే ఇంకో చిక్కు. ఖాయిదాలో జబర్ జేర్ చూసి చదివిన పిల్లవాడికి ఉర్దూ పుస్తకంలో అవి కనిపించవు, అక్షరాల రూపం కూడా నస్తాలీఖ్‌లోకి మారుతుంది. అలిఫ్ బే వచ్చినవాడు ఉర్దూ పేపరు ముందు నోరు తెరుస్తాడు. పెద్దలేమో "మదర్సాకు పోతున్నావు, ఇది రాదా" అంటారు. ఆ బాధ నేనూ పడ్డాను.

ఆపా దానికి సొంతంగా ఒక దారి కనిపెట్టింది. హిజ్జె, గుణింతం రెండూ ఒకే పని అని పిల్లలకు చూపించింది. హల్లుకు గుర్తు తగిలిస్తే పలుకు మారుతుంది, అంతే. అక్కడ జేర్ అక్షరం కింద కూర్చుంటుంది, ఇక్కడ గుడి అక్షరం నెత్తి మీద కూర్చుంటుంది. బోర్డు మీద రెండూ పక్కపక్కనే రాసింది. ఖాయిదాలో గట్టివాళ్ళైన పిల్లలు తెలుగు గుణింతాన్ని వారంలో పట్టేశారు.

ఇంకో సంగతి కూడా ఆమె నాతో చాలాసేపు మాట్లాడింది. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం గురించి ఒక లెక్క చెప్పారు. అక్షరాలను పలుకుగా మార్చే శక్తిని, ఆ భాష అర్థమయ్యే శక్తితో గుణించాలి. కూడడం కాదు, గుణించడం. రెంటిలో ఒకటి సున్నా అయితే జవాబు సున్నా. ఆపా ఈ మాట చెప్పి, గొంతు తగ్గించి, "మరి మన నాజిరా?" అంది. తిలావత్‌కు సవాబ్ ఉంది, ఆ హిసాబ్ అల్లాహ్ దగ్గరిది, దాన్ని ఈ లెక్కతో కలపకూడదు. కానీ ఏళ్ళ తరబడి అర్థం అడగకుండా చదివే అలవాటు బడి పుస్తకానికి కూడా పాకితే? తెలుగు పాఠం గడగడా అప్పజెప్పి, "కథలో నక్క ఏం చేసింది" అంటే బిక్కమొహం వేసే పిల్లలు ఆమె తరగతిలో ఉన్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ మూడో తరగతి అయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2026-27ను గడువుగా పెట్టింది. ఆ మాట చెప్పడానికి మనకు సర్కార్ అక్కర్లేదు. మొదటి వహీ 'ఇఖ్రా' అని వచ్చిన ఉమ్మత్ మనది. ఇంట్లో మనం పిల్లల్ని "ఎన్ని పేజీలయ్యాయి" అంటాం గానీ, "ఏముంది అందులో" అని ఎన్నిసార్లు అడిగాం?

ఇంత మంచి కోర్సులో మరి లోపమేంటి? ఆపా అసైన్‌మెంట్లు చేత్తో రాసింది. గుణింతం, హిజ్జె సంగతి అందులో తొమ్మిది పేజీలు రాసింది. అధ్యయన కేంద్రంలో ఇచ్చింది. తిరిగొచ్చినప్పుడు పైపేజీ మీద మార్కులున్నాయి. లోపల ఒక్క గీత కూడా లేదు. తొమ్మిది పేజీలూ తిప్పి తిప్పి చూసింది పాపం. ఎవరైనా చదివారా? ప్రాక్టీసు పాఠాలు కూడా అంతే, రిజిస్టర్‌లో సంతకాలైపోయాయి. ఆమె ఒక పిల్లవాడికి చదవడం నేర్పుతుంటే పక్కన కూర్చొని విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ కేంద్రం వాళ్ళను నేను తప్పు పట్టను, అంతమంది టీచర్లు ఒకేసారి వచ్చిపడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? కానీ దాగ్ సాబ్ ఆఫీసులో ఇలా జరిగి ఉంటే ఇక్బాల్ రెండో గజల్ పంపేవాడు కాడు.

నాకు తోచిందేమిటంటే, నెట్ సెంటర్ కుర్రాడూ, కోర్టుకెళ్ళినవాళ్ళూ, ఆపా కూడా, అందరూ నెలలు లెక్కపెడుతున్నారు. దూరాన్ని లెక్కపెడుతున్నారు. మన పాత ఉస్తాద్‌లు లెక్కపెట్టింది వేరే. షాగిర్ద్ నుంచి ఉస్తాద్‌కు ఏదైనా వెళ్ళిందా, దిద్దుకొని తిరిగొచ్చిందా? అరబ్బు నుంచి అజమ్ దాకా ఉత్తరాలను ఒప్పుకున్నవాళ్ళే, చదవడం నేర్పే చోట మాత్రం చెవి కావాలన్నారు. చదవడం నేర్పే టీచర్‌కు ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు ఆమె పాఠం వినకపోతే ఎలా? ఇప్పుడైతే ఇది కష్టం కూడా కాదు. గల్ఫ్‌లో ఉన్న ఖారీ సాబ్ వీడియో కాల్‌లో మన పిల్లల తజ్వీద్ దిద్దుతున్నారు కదా.

ఆపా ఈ సంవత్సరం ఎంఏ ఎడ్యుకేషన్‌లో చేరింది. దూరవిద్యే. యూజీసీ 2022లోనే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని చెప్పింది గనక కాగితం విషయంలో ఈసారి భయం లేదు. నేను ఒక షరత్ పెట్టాను. అసైన్‌మెంట్ యూనివర్సిటీకి పంపేముందు ఇంకొకరికి చూపించాలి. మా వీధి చివర రిటైరైన మాస్టర్ సాబ్ ఉన్నారు. ఉర్దూ, తెలుగు రెండూ చెప్పినాయన, డెబ్బై దాటాయి, చూపు తగ్గింది గానీ చెవి ఖంగుమంటుంది. ఆపా, ఆమె బడిలోని ఇంకో ఇద్దరు టీచర్లు తల్లుల ఇజాజత్ తీసుకొని పాఠాలను ఫోనులో రికార్డు చేసి ఆయనకు పంపుతున్నారు.

మొదటి రికార్డింగ్‌కు ఆయన జవాబు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్. సలాం, దువా అయ్యాక సూటిగా విషయానికి వచ్చారు. "బేటీ, ఆ పిల్ల 'కు' దగ్గర ఆగింది. నువ్వు వెంటనే అందించేశావు. ఆమె నోరు తెరుస్తోంది, నాకు వినపడింది. నీకు వినపడలేదు. ఇంకో రెండు దమ్‌లు ఆగి చూడు."

ఆపా ఆ రికార్డింగ్ మళ్ళీ పెట్టుకొని విన్నది. నిజమే, పిల్ల "క్..." అంటోంది. మూడుసార్లు విన్నాక బల్ల మీద చెయ్యి వేసి కొట్టి, "పదిహేనేళ్ళు, యా అల్లాహ్!" అంది.

నిన్న అసైన్‌మెంట్ కాగితాలు కూడా తిరిగొచ్చాయి. మాస్టర్ సాబ్ ఎర్ర సిరాతో మార్జిన్ నింపేశారు, చేతి వణుకు తెలుస్తోంది, ఒక చోట "యే గలత్ హై" అని ఉర్దూలో, దాని కింద "మళ్ళీ రాయి" అని తెలుగులో. ఆపా సాఫు ప్రతి రాసి యూనివర్సిటీకి పంపింది. ఎర్ర సిరా ప్రతిని మాత్రం ఆ ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, డిప్లొమా వెనకే పెట్టుకుంది.